ఒలిచిన విత్తనాలు

మా ఊళ్లో జాకెట్లు కుట్టేది నేనొక్కదాన్నే కాబట్టి, చెనిక్కాయ పంట ఎలా ఉందో చేలోకి పోకుండానే నాకు తెలిసిపోయేది. పంట బాగుంటే, దీపావళి దాటగానే గుడ్డముక్కలు చంకన పెట్టుకుని ఆడవాళ్లు మా వసారాలోకి వచ్చేవాళ్లు. కదిరి తేరు నాటికి కుట్టివ్వాలని ఒకామె, తమ్ముడి పెళ్లికని ఒకామె, ఈసారి చేతులు కొంచెం పొడుగు పెట్టమని ఇంకొకామె. పంట పోతే అదే ఆడవాళ్లు పాత జాకెట్లు తెచ్చి, చంకల దగ్గర అతుకులు వెయ్యమనేవాళ్లు. అతుకులకు ఏం తీసుకుంటాం? లోపల తిట్టుకుంటూ ఊరికే వేసిచ్చేదాన్ని.

నేను తిట్టుకునే రకం, పైగా భయస్థురాలిని. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఇంట్లోవాళ్లకు ఎంత కష్టమో మా ఆయన్ని అడగాలి. మా పుట్టింటి చేనికి బోరు ఉండేది. మోటారు వేస్తే నీళ్లు వచ్చేవి, రాకపోతే తిట్టడానికి కరెంటువాళ్లు ఉండేవాళ్లు. తొంభైల చివర్లో పెళ్లై, కదిరి నుంచి గంటసేపు బస్సులో రావలసిన ఈ మెట్ట ఊరికి వచ్చాక తిట్టడానికి ఎవరూ లేకుండా పోయారు. మబ్బును తిడితే ఏం లాభం? అయినా తిట్టేదాన్ని.

ఇంట్లో ముగ్గురం. మా అత్త, మా ఆయన, నేను. మామ పోయి అప్పటికే చాలా కాలమైంది. చేను సంగతి పూర్తిగా అత్తదే. ఏ మూల రాయి తేలింది, ఏ మూల తడి నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది, ఎక్కడ పందులు దిగుతాయి, అన్నీ ఆమెకే తెలుసు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఒక మాట అని ఊరుకునేది. ఆ మాట మాత్రం సాయంత్రం దాకా ఇంట్లో తిరుగుతూ ఉండేది. మా ఆయన ఎద్దులతో మాట్లాడినంత కూడా ఆమెతో మాట్లాడేవాడు కాదు.

రెండువేలు దాటిన కొత్తలో ఒక యేడాది రోహిణి కార్తెలోనే మంచి వాన పడింది. ఊరంతా ఎద్దులు కట్టి దున్నారు. వడ్రంగి ఇంటి ముందు విత్తే గొర్రు పళ్లు బాగు చేయించుకునేవాళ్లు వరసగా నిలబడ్డారు. నా దగ్గరికి కూడా ఒకామె కొత్త గుడ్డ తెచ్చి కొలతలు ఇచ్చిపోయింది. పంట విత్తకముందే జాకెట్టు! అంత ధైర్యం వచ్చింది జనానికి. ఆ ఊపులోనే మా వీధిలో విత్తనాలు ఒలవడం మొదలైంది.

చెనిక్కాయల, అంటే వేరుశనగల, సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒకమాట చెప్పాలి. కాయ కాయలాగే మూటలో ఉన్నంతకాలం లోపలి గింజకు ఏమీ కాదు, ఒక యేడాది పడి ఉంటుంది. విత్తాలంటే మాత్రం ఒలవాలి. మిల్లులో ఆడిస్తే గింజ మీది ఎర్రటి పొట్టు చెదిరి మొలక రాదు. అందుకని కాయ ముక్కును బొటనవేలితో నొక్కి ఒక్కొక్కటే చేత్తో పగలగొట్టాలి. ఒలిచిన గింజ ఎక్కువ కాలం ఆగదు. ఎండకు నూనె కక్కుతుంది, ఉబ్బరానికి వేడెక్కుతుంది, పురుగు పడుతుంది. రోజులు గడిచేకొద్దీ లోపల ప్రాణం తగ్గిపోతుంది. పైకి చూస్తే నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే ఒలవడం ఎప్పుడన్నది ఇక్కడ పెద్ద జూదం. ముందు ఒలిస్తే గింజ చస్తుంది. వాన పడ్డాక ఒలుద్దామంటే, ఒలవడం అయ్యేలోపు నేలలో తడి ఆరిపోతుంది. ఆ తడిని మేము పదును అంటాం. మా ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులే.

ఒలిచే పని కూలికి పెట్టే స్తోమత మా వీధిలో ఎవరికీ లేదు. ఇంటికొకరు చొప్పున ఆడవాళ్లు వంతు వేసుకునేవాళ్లు. ఈరోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. వచ్చినవాళ్లకు మధ్యాహ్నం సంగటి, పప్పు పెడితే చాలు. బొటనవేళ్లకు చుట్టుకోడానికి నా దగ్గరి పీలికలు తీసుకుపోయేవాళ్లు. ఎవరి వేలికి ఏ రంగు గుడ్డ అని నవ్వుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ యేడాది మొత్తంలో నేను మనసారా నవ్వింది ఆ రెండు మూడు రోజులే.

మొదటి రెండు ఇళ్లు అయ్యాయి. మా ఇంటి వంతు వచ్చేసరికి ఆకాశం ఖాళీ అయిపోయింది. మృగశిర ప్రవేశించింది, పడమటి గాలి మొదలైంది. ఇక్కడి గాలి సంగతి చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. వసారాలో దండెం మీద వేసిన గుడ్డ నిలవదు. మబ్బులు గుంపులు గుంపులుగా వస్తాయి, మన నెత్తి మీదుగానే పోతాయి, ఒక్కటీ ఆగదు.

"మబ్బే లేదు కదత్తా, ఇప్పుడు వొలిచేస్తే ఎట్ల?" అన్నాను ముందురోజు సాయంత్రం.

"వంతు మనది" అంది అత్త.

"ఇంగ రొన్నాళ్లు ఆగమని చెప్పేద్దాం మా" అన్నాడు మా ఆయన.

"వచ్చే చేతుల్ని వద్దంటానా? మీ నాయన పోయిన యేడు నాకు వంతే లేదు. ఒగరింటికీ పోయే తెలివి లేదు నాకప్పుడు. అయినా వాళ్లే వచ్చి కూర్చుని వొలిచిపోయినారు. వాళ్లే విత్తిపోయినారు. ఈ పొద్దు మబ్బు లేదని వాళ్లకు పీటెయ్యకుండా పంపిస్తానా?"

మామ పోయిన యేడాది నేను ఈ ఇంట్లో లేను. ఉన్నవాడు మా ఆయన, ఆయన తల వంచుకుని ఎద్దుల దగ్గరికి పోయాడు.

పొద్దున్నే అందరూ వచ్చారు. మూటలు విప్పి నడింట్లో కుప్ప పోసి చుట్టూ కూర్చున్నారు. టపటప శబ్దం, ఒకరి మీద ఒకరు జోకులు, మధ్యలో సంగటి. సాయంత్రానికి విత్తనాలన్నీ ఒక పక్క ఎర్రగా కుప్ప పడ్డాయి, గింజ తీసిన బొప్పెలు ఇంకో పక్క. ఒక్క మూట కూడా కాయగా మిగల్లేదు. నాలుగు మూటలైనా ఉంచుదామని నేను అత్త చెవిలో అన్నాను. అందరూ కూర్చుని ఉండగా పని ఆపితే బాగుండదని ఆమె కళ్లతోనే చెప్పింది.

మరుసటి రోజు వంతు ఎదురింటామెది. మేమందరం పీలికలు చుట్టుకుని వాళ్ల గడప దగ్గరికి పోయేసరికి ఆమె చీపురు పట్టుకుని నిలబడి, "మాకిప్పుడొద్దులేమ్మే, మబ్బు చూసి చెప్తా" అనేసింది. అంతే. మొహమాటం లేదు, ఇంకొక మాట లేదు. అందరూ నవ్వుతూ వెనక్కి మళ్లారు. నేను మాత్రం నవ్వలేదు. ఇంత తేలికగా అనగలిగే మాటను మా అత్త ఎందుకు అనలేకపోయిందని నాకు కడుపు మండిపోయింది. ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ మధ్యాహ్నం ఒకరి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో విత్తనాలదే రాజ్యం. మిషను ఉండే గది చల్లగా ఉంటుందని మిషన్ని వసారాలోకి నెట్టి, గదిలో గోనెపట్టలు పరిచి విత్తనాలు పలచగా ఆరబోశాం. మధ్యమధ్యలో వేపాకు వేశాం. చీమలు రాకుండా చుట్టూ బూడిద గీత గీశాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అత్త లోపలికి పోయి అరచేత్తో కలబెట్టి వచ్చేది. వచ్చాక చెయ్యి వాసన చూసుకునేది. ఆ చెయ్యి ముక్కు దగ్గరికి పోయేటప్పుడు ఆమె మొహం చూడడమే నా పని. బాగుంటే మామూలుగా కాళ్లు కడుక్కునేది. లేకపోతే కాసేపు గడప మీద కూర్చునేది.

ఆరుద్రలో ఒక సాయంత్రం తుంపర పడింది. ఊరంతా బయటికి వచ్చింది. మా ఆయన గొర్రు భుజానికెత్తుకున్నాడు. అత్త చేలోకి పోయి, మట్టి పిడికెడు తీసి ఉండ చేసింది. ఉండ నిలిస్తే విత్తుకోవచ్చు. అది ఆమె చేతిలోనే పొడైపోయింది. "పైన తడిసినాది, అంతే" అని చేతులు దులుపుకుంది. మాకంటే ముందు ఒలిచిన రెండిళ్లలో ఒకరు మాత్రం ఆగలేకపోయారు. విత్తనం చచ్చిపోతుందన్న భయంతో ఆ తుంపరకే విత్తేశారు. మొలకలు కూడా వచ్చాయి. వారం తిరక్కుండానే గాలికి, ఎండకు మాడిపోయాయి. ఆ ఇంటామె ఎవరితోనూ మాట్లాడకుండా వారం రోజులు తలుపు దగ్గరేసుకుని కూర్చుంది. మేము ఎటు పోయినా తప్పే అని నాకు అప్పుడు అర్థమైంది. విత్తినా భయమే, విత్తకపోయినా భయమే.

గింజలో ప్రాణం ఉందో లేదో చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. అత్త నా దగ్గర లైనింగు గుడ్డ ముక్క అడిగింది. దాన్ని తడిపి, పిడికెడు విత్తనాలు పరిచి, చుట్టగా చుట్టి దారంతో కట్టి, నీళ్లకుండ కింద తడి ఉండే చోట పెట్టింది. నాలుగో రోజు విప్పితే దాదాపు అన్నీ తెల్లగా ముక్కు పెట్టాయి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పరిగెత్తుకుంటూ పోయి కొట్టంలో ఉన్న మా ఆయనకు చెప్పాను. ఆయన ఎద్దు వీపు మీద చెయ్యి వేసి, "వాన రావల్ల కదా" అన్నాడు.

ఆరుద్ర పోయాక మళ్లీ గుడ్డ కట్టింది. ఈసారి మొలకల మధ్య మొలకెత్తని గింజలు కనిపించాయి. పునర్వసు సగమయ్యాక మూడోసారి. ఆ గుడ్డ విప్పినప్పుడు ముందు వచ్చింది వాసన. సగానికి సగం మెత్తబడి, వేలితో నొక్కితే జారిపోతున్నాయి. అత్త ఆ గుడ్డను మళ్లీ అలాగే చుట్టేసి, ఎవరికీ చూపించకుండా పెంటదిబ్బలో పారేసింది. "ఇంగ చూసేది వద్దు" అంది నాతో. ఆ తర్వాత ఆమె చెయ్యి వాసన చూసుకోవడం కూడా మానేసింది.

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన అన్నం ముందు కూర్చుని నోరు విప్పాడు.

"నూనె మిల్లుకేసేద్దాం మా. ఇప్పటికింకా గింజ తియ్యగానే ఉండాది. ఇంగ రొన్నాళ్లైతే మిల్లోడు గూడా మొగం తిప్పుకుంటాడు."

"విత్తేదానికి పెట్టుకున్నేవి" అంది అత్త.

"విత్తేదెప్పుడు? కార్తెలన్నీ పోతాండాయి."

అత్త ఇంకో సంగటి ముద్ద ఆయన పళ్లెంలో వేసి లేచి అవతలికి పోయింది. ఆయన ఆ ముద్ద ముట్టుకోలేదు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఎవరి పక్కకు పోవాలో తెలియక, గింజల మీద పడి ఏడవాలనిపించేంత విసుగుతో గిన్నెలు తోమాను. ఆయన చెప్పిందీ నిజమే. అమ్మితే ఎంతో కొంత చేతిలో పడుతుంది. కానీ ఆ తర్వాత వాన వస్తే? వాన పడిన నేలను ఖాళీగా చూస్తూ కూర్చోవాలి.

మరుసటి రోజు నాకు దారాలు కావాలని కదిరికి బయలుదేరాను. ఆయన కూడా వస్తానన్నాడు. తువ్వాల కొంగులో పిడికెడు విత్తనాలు కట్టుకున్నాడు. మిల్లులో మచ్చు చూపించడానికని నాకు తెలుసు. అత్తకూ తెలుసు.

బస్సులో సగం సీట్లు ఖాళీ. కండక్టరు టికెట్టు కొట్టకముందే "మీ పక్క పడిందా?" అన్నాడు. లేదన్నాం. "తనకల్లు పక్క దంచినాదంట" అన్నాడు. ఆ మాట వినగానే ఆ పక్కవాళ్ల మీద నాకు ఎక్కడలేని కుళ్లు పుట్టింది. వాళ్లేం చేశారు, మేమేం చేయలేదు?

దారాలు, గుండీలు, లైనింగు అమ్మే అంగడి బస్టాండుకు దగ్గర్లోనే. అంగడాయన ముస్లిం పెద్దమనిషి, గడ్డం నెరిసింది. నేను కొత్తగా మిషను పెట్టినప్పటి నుంచీ ఆయన దగ్గరే తీసుకుంటాను. మామూలుగా అయితే అక్కడ నిలబడే చోటు ఉండదు. ఆ రోజు ఆయన పీట మీద కూర్చుని దారపుండలను రంగుల వారీగా సర్దుకుంటున్నాడు. నేను పోయేసరికి సర్దినవే మళ్లీ తీసి సర్దుతున్నాడు.

"రాక్కా. మీ ఆడ వానేమన్నా?"

"ఏం లేదన్నా."

"పోయిన యేడు ఈ యాలకు దసరా సరుకు దించేసినా. ఈసారి హిందూపురం హోల్‌సేలోళ్లకు ఫోను చేసేదానికే భయమైతాంది. ఎవరికి అమ్మల్ల?" అని వీధిలోకి చెయ్యి చూపించాడు. "చూడు. ఆటోవోడు నిద్రపోతాండాడు. గాజులోడు మొన్ననే మూటకట్టుకుని బెంగళూరు పోయినాడు. ఆ హోటలాయన మధ్యాన్నం అన్నం సగానికి సగం తగ్గించినాడు. మిల్లు సప్పుడు ఇనిపిస్తాందా? లేదు కదా."

నిజంగానే వినిపించడం లేదు. కదిరిలో ఎక్కడ నిలబడినా వెనకాల ఉండే ఆ గర్రుమనే మోత ఆ రోజు లేదు. లేదని ఆయన చెప్పేదాకా నేను గమనించలేదు.

మా ఆయన తువ్వాల కొంగు విప్పి, మిల్లు ఇప్పుడు కొంటుందా అని అడిగాడు. అంగడాయన ఒక గింజ తీసి పొట్టు చూశాడు. రెండుగా విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు బద్దలనూ జాగ్రత్తగా మళ్లీ తువ్వాలలోనే వేశాడు.

"విత్తనం కదన్నా ఇది. అమ్మొద్దు."

"వాన లేకపోతే ఏం చేసేదన్నా?"

"వచ్చేదాకా పెట్టుకోవల్ల. నువ్వు మిల్లుకేస్తే రేపు వానొచ్చినా విత్తవు. నువ్వు విత్తకపోతే నా లైనింగు ఎవరు కొంటారు? నాకు జానెడు నేల్లేదు. అయినా నాది గూడా సేద్యమే అనుకో."

నాకు చర్రున మండింది. "మీ అంగడి నడిచేదానికి మేము పుచ్చిపోయే విత్తనాలు ఇంట్లో పెట్టుకోవల్లనా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "అంతేకదక్కా. నీ మిషనుదీ అదే లెక్క కదా?" అని దారపుండలు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

బస్టాండులో కూర్చుని ఆ మాటను నమిలి నమిలి మింగాను. ఇంతకాలం చేను అంటే మాది, మా ముగ్గురిది, మా గింజ, మా బాధ అనుకున్నాను. ఆటోవాడు, గాజులవాడు, బస్సు కండక్టరు, సంతలో కూరగాయలు పోసుకుని కూర్చునే ఆడవాళ్లు, అందరూ మా గదిలో గోనెపట్టల మీద పడి ఉన్న ఆ గింజల్నే చూస్తున్నారు. వాళ్లు అదే మాట అడుగుతున్నారు: పడిందా, విత్తారా? ఇంతమంది మా మీద ఆధారపడ్డారంటే గొప్పగా అనిపించాలేమో. నాకు మాత్రం భయం రెట్టింపైంది. మన బరువే మోయలేకపోతున్నామని ఏడుస్తుంటే కదిరి అంతా నెత్తినెక్కి కూర్చున్నట్టైంది.

మా ఆయన మిల్లు వైపు పోలేదు. తువ్వాల కొంగు మళ్లీ ముడివేసుకున్నాడు. ఇంటికి రాగానే ఆ పిడికెడూ కుప్పలో కలిపేశాడు. అత్త చూసింది, చూడనట్టు పొయ్యి ఊదుకుంది.

పుష్యమి చివర్లో ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి ఎద్దులు కూడా చెవులు నిక్కించాయి. తర్వాత వచ్చిన వానకు మా వసారాలో మిషను కింద కాలువ పారింది. దాన్ని లోపలికి లాగాలని కూడా ఎవరికీ తోచలేదు. ముగ్గురం వాకిట్లో నిలబడి తడిశాం. అత్త ఒక్కసారి నా వైపు చూసి, "ఇంగ సాలు, లోపలికి పో, జొరమొస్తాది" అంది. ఆమె మాత్రం కదల్లేదు.

తెల్లారేసరికి చేలో ఉన్నాం. అత్త చేతిలో మట్టి ఉండ నిలిచింది. ఊరంతా ఒక్కసారే గొర్రులు కట్టింది. ఎదురింటామె కూడా రాత్రికి రాత్రి ఒలిపించుకుంది. ఆమె గింజ అప్పుడే ఒలిచినది, ప్రాణంతో ఉంది. మా విత్తనంలో సగం పోయిందని చెప్పి, చేనికి బయలుదేరకముందే పోయి ఒక చాటెడు అడిగాను. "నాకే సాలవుమ్మే" అంది. అబద్ధం కాదు. ఎవరి చేనికి వాళ్ల కొలత.

గొర్రు వెనక నడుస్తూ గొట్టంలోకి గింజలు వదిలే పని అత్తది. ఆ పనిలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. పిడికిట్లోంచి ఒక్కొక్క గింజే, ఎడం తప్పకుండా జారేది. నేను ఒడిలో విత్తనాలు పోసుకుని ఆమె పిడికిలి ఖాళీ అయినప్పుడల్లా నింపాలి. రెండు సాళ్లు పోయేసరికే నాకు తేడా తెలిసింది. పిడికిలి మరీ తొందరగా ఖాళీ అవుతోంది. వంగి చూశాను.

"అత్తా, రెండేసి పడతాండాయి."

"పడనీ."

"ఇట్లయితే సగం చేనికి గూడా రావు."

"ఒగటి సచ్చినా ఇంగోటి లేస్తాది" అంది. అడుగు ఆపలేదు.

అది ఆమె ఒప్పుకోవడం. విత్తనం సగం చచ్చిందని ఆ గుడ్డ పారేసిన రోజు తర్వాత ఆమె నోట వచ్చిన ఒకే ఒక్క మాట. ముందు నడుస్తున్న మా ఆయన విన్నాడు. వెనక్కి తిరగలేదు, ఎద్దుల్ని అదిలించాడు. సగం చేను దాటకముందే నా ఒడి ఖాళీ అయిపోయింది. మిగతా నేలలో ఇంట్లో ఉన్న ఉలవలు చల్లాం. అవి కూడా చాలక ఒక మూల బీడుగానే వదిలేశాం.

తర్వాతి వారం రోజులు నేను బతికున్నట్టు కాదు. రోజూ కోడి కూయగానే చెంబు పట్టుకుని బయటికి పోతున్నట్టు పోయి, చేను చూసి వచ్చేదాన్ని. పక్క చేలలో సాళ్లు పచ్చగా గీతలు గీసినట్టు లేచాయి. మా చేను ఎర్రగానే ఉంది. ఒకరోజు ఆగలేక సాల్లో వేలు పెట్టి తవ్వాను. మెత్తగా కుళ్లిన గింజ ఒకటి వేలికి అంటుకుంది. దాని పక్కనే ఇంకొకటి, అదీ అంతే. చీరకు తుడుచుకుని, ఎవరూ చూడకుండా మట్టి కప్పేసి వచ్చాను. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. తర్వాత తెలిసింది, అత్త కూడా రోజూ నాకంటే ముందే పోయి చూసి వస్తోందని.

చివరికి లేచాయి. ఒకచోట రెండు మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, తర్వాత నాలుగడుగుల దూరం ఏమీ లేకుండా, మళ్లీ ఒకటి. పళ్లూడిన ముసలి నోరులా ఉంది చేను. అత్త ఆ మొక్కల మధ్య కలుపు తీసిన తీరు చూస్తే, నేను ఎవరి పెళ్లి జాకెట్టూ అంత జాగ్రత్తగా కుట్టలేదు. ఆ తర్వాత ఒక వాన పడింది, ఇంకొకటి పడాల్సిన సమయంలో పడలేదు. కోతకు వచ్చేసరికి పెరికిన చెట్లు కుప్ప వేస్తే మా వాకిట్లో ఒక మూలకే సరిపోయింది. కాయలు కొట్టి మూటలు కట్టాక చూస్తే, మేము ఎన్ని మూటలు విప్పి ఒలిచామో అన్నే వచ్చాయి. అటూ ఇటూగా అంతే. భూమి మా దగ్గర తీసుకున్నది మాకు తిరిగిచ్చి చేతులు దులుపుకుంది. ఎద్దులకు మాత్రం కొంచెం మేత మిగిలింది.

ఊళ్లో మగవాళ్లు ఒక్కొక్కరే బెంగళూరుకు పోవడం మొదలుపెట్టారు. అక్కడ కట్టే బిల్డింగులకు మనుషులు కావాలి. మా ఆయన ఎవరితో మాట్లాడాడో, ఎప్పుడు మాట్లాడాడో నాకు తెలియదు. ఒకరోజు అన్నం తింటూ "సోమవారం పోతాండా" అన్నాడు. పోయినవాళ్లు ఏమయ్యారో నేను చూస్తూనే ఉన్నాను. మొదట పండక్కి వస్తారు, తర్వాత తేరుకు వస్తారు, ఆ తర్వాత పెళ్లాం పిల్లల్ని కూడా అక్కడికే పిలిపించుకుంటారు. వాళ్ల చేలలో ముళ్ల కంప మొలుస్తుంది.

ఆయన లేనప్పుడు అత్త దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తా, ఆ మూటలు అమ్మేద్దాం. ఈ యాడాది గడిచిపోతాది. ఆయన పోయే పనిలేదు."

ఆమె చేతి పని ఆపలేదు.

"గడిచిపోతాది. నిజమే. మల్ల యాడాది మబ్బొచ్చినాక?"

"అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం."

"అవి ఇంట్లో ఉంటే వాడు విత్తేదానికన్నా రావల్ల" అంది. "అవి లేకపోతే వాడు ఈడికి దేనికి వస్తాడే?"

ఇంతకాలం ఆమె మొండితనం చూశాను గానీ, ఆమెకూ నాకున్నంత భయమే ఉందని, అది నాకంటే ఎక్కువ దూరం చూసే భయమని ఆ క్షణం దాకా తెలియలేదు. కొడుకును ఇంట్లో ఉంచుకోడానికి గింజలు అమ్మమంటున్నాను నేను. కొడుకు తిరిగి రావడానికి గింజలు దాస్తోంది ఆమె. ఎవరిది సరైన లెక్కో నాకు ఈరోజుకీ తేలలేదు. ఆమె పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీశాను, కళ్లు తుడుచుకుంటూ.

సోమవారం పొద్దున ఆయన బట్టల సంచి సర్దుకున్నాక, గదిలోకి పోయి మూటలు వరసగా నిలబెట్టాడు. దబ్బనం, గోనె పురికొస తీసుకుని వాటి మూతులు కుట్టడం మొదలుపెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. కుట్లు వంకరగా, దూరం దూరంగా పడుతున్నాయి. చూడలేక, ఇలా ఇవ్వు, నేను కుడతాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నేనొచ్చినాక నేనే విప్పల్ల" అన్నాడు. "అంతవరకు ఎవురూ ముట్టుకోగూడదు."

"ఎప్పుడొస్తావు?"

దబ్బనం గోనెలోంచి లాగుతున్నాడు.

"వస్తావా?" అన్నాను ఈసారి.

ఆయన చివరి కుట్టు దగ్గర రెండు ముళ్లు వేసి, పురిని పళ్లతో కొరికి తెంచి, బస్సుకు టైమైందని లేచాడు.